ఎడమ కిటికీలోంచి ఒక చెయ్యి

ఇప్పటి బండికి ఏసీ క్యాబిన్.
అద్దం దించితే ఏవరేజి పడిపోతదని
ఓనరు మాట.
నా ఎడమ దిక్కు సీటు మీద
నీళ్ళ డబ్బా కూసుంటది,
బిల్లుల ఫైలు కూసుంటది.
జానయ్య కూసోడు.

నాకన్న పదేండ్లు పెద్దోడు, నాకు క్లీనరు.
మర్రిగూడ దిక్కు మనిషి.
చిన్నప్పుడు తాగిన బోరునీళ్ళు ఎముకల్ల గడ్డకట్టి
ఎడమ మోచెయ్యి సగానికి మించి సాగకపోయేది.
స్టీరింగు తిప్పలేవన్నరట లైసెన్సు కాడ.
"తిప్పెటోడు తిప్పనీ,
పక్కన సూసెటోడు ఒకడు వద్దా"
అనుకుంట ఎడమ డోరు పట్టిండు,
పద్దెనిమిదేండ్లు ఇడువలె.

మిర్యాలగూడ మిల్లుల బియ్యమేసుకొని
తిప్పర్తి దాటి, నల్లగొండ దాటి
నార్కట్‌పల్లి కాడ పెద్ద రోడ్డెక్కుతుంటే
ఆ వంకర చెయ్యి బయటికొచ్చేది.
నేను ఎడమకు రావాలె,
వెనక బండ్లను జెర ఆగమనాలె.
కాని సాగని చెయ్యి
ఎప్పుడు సూసినా రమ్మన్నట్టే ఉండె.
మేం ఆగమంటే
వాళ్ళు పొమ్మన్నమనుకొని పోయేది,
పోతపోత చెయ్యెత్తి దండం గూడ పెట్టేది!
ఆర్టీసీ బస్సు పోయేది,
బత్తాయిల ఆటో పోయేది,
బర్రెల బండి పోయేది,
ఆఖరికి మేం.

నాకు పండ్లు కొరుక్కునేంత కోపం.
"గా చెయ్యి లోపల పెట్టు, నీకు పుణ్యముంటది" అంటుంటి.
జానయ్య నవ్వెటోడు.
"ఇంత రోడ్డుల
మనకెంత ఎడమ గావాలె సారూ,
ఒక లారీ పట్టేంత."

తర్వాత క్లీనరు బత్తెం దండుగన్నరు.
ఇప్పుడు ఊరికాడ
పంచరు దుకాణం ముందల కూసుంటడట.

మొన్న ముసురు రాత్రి, చిట్యాల దాటినంక
ముందల ఒక సిమెంటు బల్కరు.
దాని స్పీడు నలభై తొమ్మిది,
నాది యాభై.
ఆ ఒక్కటి చూసుకొని కుడికి తీసిన.
ఎత్తుమీద రెండూ పక్కపక్కకే,
కాడికి కట్టిన ఎడ్ల లెక్క.
వాడు తగ్గడు, నేను తగ్గ.
రెండు వరుసలకూ గొళ్ళెం పెట్టినట్టయింది.

అద్దంల లైట్ల దండ పెరుగుతున్నది.
ఒకడు హారను మీదినుంచి చెయ్యి తీస్తలేడు.
ఇంకొకడు హైబీము కొట్టి కొట్టి
నా క్యాబిన్ల పట్టపగలు చేసిండు.
వాళ్ళ వెనక ఒక పాత మారుతి,
నాలుగు మూలల లైట్లు
ఆరుకుంట వెలుగుకుంట.
అండ్ల ఎవరికి నొప్పులొస్తున్నయో,
ఎవరు ఉత్తగనే తొందరపడుతున్నరో
అద్దంల కనపడదు.
కనపడితేనే బాట ఇయ్యాల్నా?

నేనింకా అడుక్కుంటనే ఉన్న.
బల్కరోడు కాలు తీసిండు.
డిప్పరు రెండుసార్లు కొట్టిండు, రా అని.
అంతే.
ఎవని ఊరేదో, ఎవని పేరేదో,
ఓడిపోయిన్నని అనుకున్నడో లేదో.

ఎడమకొచ్చిన.
ఒకటెనుక ఒకటి పోతున్నయి.
హారనోడు అద్దం దించి మా అమ్మను తిట్టిండు,
తిట్టనీ, రెండు కిలోమీటర్ల బాకీ ఉంటి.
మారుతి మాత్రం సప్పుడు చెయ్యకుంట పోయింది,
లోపటి లైటు వేసి ఉండె,
ఎవరిదో తల ఎవరిదో ఒడిల.

నా వెనక బల్కరోనికి ఏదన్న చెప్పాలె.
ఇండికేటరు ఎడమకొకసారి కుడికొకసారి కొట్టిన,
మనసొప్పలె.
రెండద్దాలూ దింపిన.
వాన లోపలికొచ్చింది,
తడిసిన మట్టి వాసన, కాలిన బ్రేకుల వాసన.
కుడి చెయ్యి బయట పెట్టిన.

నా చెయ్యికేం రోగం లేదు,
మొత్తం సాగుతది.
సగమే చాపిన.

పక్క సీటు తడుస్తున్నది,
బిల్లుల ఫైలు తడుస్తున్నది.
పంతంగి టోలుగేటు దాంక
అద్దం ఎక్కియ్యలె.